వాట్సాప్‌లో బొటనవేలు తీర్మానం కాదు

(అపార్ట్‌మెంట్ సంఘాలపై పాఠకుల ప్రశ్నలు. జవాబులిచ్చేది సహకార శాఖలో సొసైటీల ఆడిట్ చేసి రిటైరైన హనుమకొండవాసి.)

ప్రశ్న: మాది నయీంనగర్‌లో 24 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. లిఫ్ట్ పాతబడింది, ఎప్పుడు మధ్యలో ఆగుతుందో తెలియదు. వేసవిలో మూడో అంతస్తు పెద్దావిడ అందులో ఇరుక్కుపోయింది. తలుపు తెరిచేదాకా అందరికీ ఒకటే టెన్షన్. ఆ రాత్రే గ్రూపులో "కొత్త లిఫ్ట్ వేయిద్దామా?" అని అడిగాను. 17 మంది బొటనవేలు గుర్తు పెట్టారు. వద్దని ఒక్కరూ అనలేదు. సెక్రటరీగా నేను, ప్రెసిడెంట్, ట్రెజరర్ ముగ్గురం కలిసి ఒక కంపెనీకి మూడు లక్షలు అడ్వాన్స్ ఇచ్చాం. ఇప్పుడు ఫ్లాటుకు 40 వేలు అడిగితే ఆరుగురు "ఏ మీటింగులో తీర్మానం చేశారో చూపించండి" అంటున్నారు. అందులో ఇద్దరు బొటనవేలు పెట్టినవాళ్లే! మేం చేసింది చెల్లదా?
– ఒక సెక్రటరీ, హనుమకొండ

జవాబు: ముందు ఆ ఆరుగురి మీద కోపం తగ్గించుకోండి. వాళ్ల ఉద్దేశం ఏదైనా కావచ్చు, అడిగింది మాత్రం సరైన ప్రశ్న.

మీ మెసేజ్ మళ్లీ ఒకసారి చదవండి. అందులో కంపెనీ పేరు లేదు, ధర లేదు, పైసలు ఎక్కడి నుంచి తెస్తారో లేదు. "వేయిద్దామా" అంటే 17 మంది సరే అన్నారు. అందులో ఒకరి ఉద్దేశం "చూశాను" అని, ఇంకొకరిది "మంచి ఆలోచనే" అని, మరొకరిది "నువ్వు చూసుకో అన్నా" అని. 40 వేలు ఇస్తానని ఒప్పుకున్నవాళ్లు అందులో ఒక్కరూ లేరు. ఎందుకంటే ఆ అంకె వాళ్ల ముందు పెట్టనే లేదు. బొటనవేలు పెట్టి ఇప్పుడు ప్రశ్నిస్తున్న ఆ ఇద్దరూ మాట తప్పినట్టు కాదు.

వాట్సాప్ మెసేజ్‌కు విలువే లేదని కాదు. ఎలక్ట్రానిక్ రికార్డులకు 2000 నాటి ఐటీ చట్టం గుర్తింపు ఇచ్చింది. రేపు గొడవైతే ఆ స్క్రీన్‌షాట్ సాక్ష్యంగా పనికొస్తుంది. కానీ సాక్ష్యం వేరు, తీర్మానం వేరు. తీర్మానం ఎలా చేయాలో మీ బైలాస్, అంటే సంఘం నియమావళి, చెప్తాయి. మన దగ్గర చాలా అపార్ట్‌మెంట్ సంఘాలు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఉన్నాయి, కొన్ని 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. మీది ఏదో రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ మీదే రాసి ఉంటుంది. దానితోపాటు బైలాస్ జిరాక్స్ కూడా ఏదో బీరువాలో ఉంటుంది, బిల్డర్ సంతకాలు పెట్టించుకున్న రోజు తర్వాత ఎవరూ తెరవనిది. అది తీసి మూడు సంగతులు చూడండి: జనరల్ బాడీకి (సభ్యులందరి మీటింగుకు) ఎన్ని రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కోరం (మీటింగ్ చెల్లడానికి కావాల్సిన కనీస హాజరు) ఎంత, కమిటీ తనంతట తాను ఎంతదాకా ఖర్చు పెట్టవచ్చు.

ఈ మూడోదాని దగ్గరే మీరు చిక్కుకున్నారు. బోరు మోటారు కాలితే మార్చడం, వాచ్‌మన్ జీతం, జనరేటర్ డీజిల్, సంపు కడిగించడం లాంటివి కమిటీ పనులు. వీటికి అందరినీ పిలుచుకుంటూ కూర్చుంటే బిల్డింగులో నీళ్లు రావు. కానీ ఒక్కో ఇంటి నుంచి 40 వేలు వసూలు చేయడం, కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) కదిలించడం, లక్షల్లో కాంట్రాక్టు ఇవ్వడం సభ్యులందరి నిర్ణయం. బైలాస్‌లో పరిమితి రాసి లేకపోతే కమిటీకి హద్దు లేదని అనుకోవద్దు. అలాంటప్పుడు జనరల్ బాడీకి తీసుకుపోవడమే క్షేమం.

ఇక ఇప్పుడేం చేయాలి? మొదట, ఏం చేయకూడదో చెప్తాను. వేసవి నాటి తేదీ వేసి, అప్పుడే మీటింగ్ జరిగినట్టు మినిట్స్ (మీటింగ్ నిర్ణయాల నమోదు) రాసి, నలుగురితో సంతకాలు పెట్టించకండి. ఈ సలహా మీకు ఈపాటికే ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు. ఆడిట్‌కు పోయినప్పుడు మినిట్స్ బుక్‌లో నేను ముందు చూసేది చివరి వాక్యానికీ అధ్యక్షుడి సంతకానికీ మధ్య ఉన్న జాగా. ఒక ఊరి సొసైటీలో పేజీ అంతా నీలి ఇంకు. అడుగున సంతకం మీదికి ఎక్కేట్టు, చీమల్లాంటి అక్షరాలతో ఒక్క లైను నల్ల ఇంకులో ఇరికించారు: "మరియు గోదాము మరమ్మతుకు అదనంగా రూ. 18,000 మంజూరు చేయడమైనది." గోదాము పైకప్పు నిజంగానే మార్చారు, పోయి కళ్లారా చూశాను. పైసా తినలేదు. అయినా ఆ ఒక్క లైను వల్ల ఆ బుక్‌లోని మిగతా తీర్మానాలన్నీ అనుమానంతో చదవాల్సి వచ్చింది. సెక్రటరీ నెల రోజులు ఆఫీసు చుట్టూ తిరిగాడు.

చేయాల్సింది ఇది. ప్రత్యేక జనరల్ బాడీ పిలవండి. నోటీసులో "లిఫ్ట్ విషయం చర్చ" అని ముక్తసరిగా రాసి వదిలేయవద్దు. అడ్వాన్స్ ఇప్పటికే ఇచ్చామని, దానికి ఆమోదం కోరుతున్నామని, మొత్తం ఖర్చెంతో, ఫ్లాటుకు ఎంత పడుతుందో అందులోనే ఉండాలి. మీ కంపెనీది కాక మరో రెండు కొటేషన్లు తెప్పించి జత చేయండి. ఆలస్యమైందని మొహమాటపడకండి, ధర సరైనదేనని చూపించడానికి అంతకన్నా దారి లేదు. నోటీసు ప్రతి ఇంటికీ చేతికిచ్చి రిజిస్టర్‌లో సంతకం తీసుకోండి. ఊళ్లో లేని ఓనర్లకు పోస్టులో పంపండి. గ్రూపులో కూడా పెట్టండి, నోటీసు నలుగురికీ చేరడానికి వాట్సాప్‌ను మించింది లేదు. మీటింగ్ తేదీ మాత్రం చూసుకుని పెట్టండి. సద్దుల బతుకమ్మ సాయంత్రం జనరల్ బాడీ పెట్టి, కోరం రాలేదని సభ్యులను తిట్టిన ఒక ప్రెసిడెంట్ నాకు తెలుసు.

మీటింగులో రెండు తీర్మానాలు వేర్వేరుగా పెట్టాలి. మొదటిది, ఇచ్చిన అడ్వాన్స్‌ను ఆమోదించడం. అప్పుడు అధికారం లేకుండా చేసిన పనిని, ఆ అధికారం ఉన్న జనరల్ బాడీ తర్వాతైనా ఆమోదించవచ్చు. రెండోది, మిగతా ఖర్చు, వసూలు. దాన్ని ఇలా రాయవచ్చు:

"తీర్మానం నం. 2: లిఫ్ట్ మార్పిడిపై చర్చించి, మూడు కొటేషన్లు పరిశీలించిన పిదప, ఫలానా కంపెనీ కొటేషన్‌ను రూ. 9,60,000కు మించకుండా ఆమోదించడమైనది. ఇందుకు ఫ్లాటుకు రూ. 40,000 చొప్పున రెండు సమాన వాయిదాల్లో, ఫలానా తేదీలలోపు చెల్లించవలెను. పని పర్యవేక్షణ ట్రెజరర్‌కు, ఫ్లాట్ 201, 405 సభ్యులకు అప్పగించడమైనది. ప్రతిపాదించినవారు: ఫ్లాట్ 302. బలపరిచినవారు: ఫ్లాట్ 104. అనుకూలం 15, వ్యతిరేకం 4, తటస్థం 1. తీర్మానం ఆమోదం పొందినది."

అంకెలు నేను ఊరికే వేశాను, మీ మీటింగులో వచ్చినవి వేసుకోండి. "మించకుండా" అనే మాట మాత్రం వదలొద్దు. ఫ్లాటుకు సమానంగా పంచాలా, చదరపు అడుగుల లెక్కన పంచాలా అన్నది కూడా బైలాస్ చూసే తేల్చుకోండి. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు "మాకు లిఫ్టే అక్కర్లేదు" అని తప్పకుండా లేస్తారు. దానికీ జవాబు బైలాస్‌లోనే వెతకండి, గొంతు పెంచడంలో కాదు.

మొదటి తీర్మానం ఓడిపోతే? అప్పుడు ఆ మూడు లక్షలకు జవాబుదారీ మీ ముగ్గురిదే అవుతుంది. కష్టమైన మాటే, కానీ మీటింగుకు ముందే తెలిసి ఉండటం మంచిది. గెలిచాక కూడా కట్టనివాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి. మీ సంఘం 2001 చట్టం కిందిదైతే, వ్యవహారాల మీద వివాదం తేలకపోతే ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఆర్బిట్రేషన్‌కు (మధ్యవర్తి తీర్పుకు) గానీ జిల్లా కోర్టుకు గానీ పోవచ్చు. అంతేగానీ నీళ్ల లైను కట్ చేస్తామని తీర్మానం రాసుకోకండి. ఆ కాగితమే రేపు మీకు ఎదురు తిరుగుతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో మినిట్స్ నేనే రాస్తాను. ఒక్కో మీటింగుకు ఏడెనిమిది పేజీలు అవుతోంది. ఒక రిటైర్డ్ సార్ తను మాట్లాడిందంతా రాయాలంటారు. ఇంకొకాయన పార్కింగ్ లొల్లిలో తను అన్న మాటలు కొట్టేయమంటారు. ఇద్దరి మధ్య నలిగిపోతున్నాను.
– ఒక జాయింట్ సెక్రటరీ, మంకమ్మతోట, కరీంనగర్

జవాబు: అమ్మా, ఇద్దరి మాటలూ రాయకండి, ఇద్దరి పేచీ ఒక్కసారే తీరిపోతుంది. మినిట్స్‌లో ఉండాల్సింది ఏం నిర్ణయించారన్నది. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడారన్నది కాదు. తేదీ, సమయం, చోటు, అధ్యక్షత వహించినవారు, హాజరైన ఫ్లాట్లు, కోరం ఉందన్న మాట, గత మీటింగ్ మినిట్స్ చదివి ఆమోదించారన్న మాట, తర్వాత ఒక్కో ఎజెండా అంశం కింద తీర్మానం, ఓట్ల లెక్క. రెండు పేజీలు దాటితే ఏదో ఎక్కువ రాశారనే లెక్క.

ఒక్క మినహాయింపు ఉంది. "నేను వ్యతిరేకించానని నా పేరుతో రాయండి" అని ఎవరైనా అడిగితే రాయాలి. రేపు ఆ నిర్ణయం వల్ల నష్టం వస్తే ఆ ఒక్క లైనే వాళ్లకు రక్షణ. కారణం చెప్తే ఒక వాక్యంలో అది కూడా రాయండి. ఉపన్యాసం రాయమంటే, రాసుకొచ్చి ఇస్తే ఫైల్‌లో పెడతానని చెప్పండి. ఆ సార్ రాసుకురారు, చూడండి.

మీటింగ్ అయిన వారంలోపు డ్రాఫ్ట్ అందరికీ పంపండి. కంపెనీల చట్టం 30 రోజుల్లో మినిట్స్ బుక్‌లోకి ఎక్కించమంటుంది. అది మీ సంఘానికి వర్తించదు, కానీ గడువుగా పెట్టుకోవడానికి బాగుంటుంది. కంపెనీల పద్ధతిలో ఇంకొకటి కూడా తీసుకోండి: పేజీలకు వరుస నంబర్లు వేయాలి, టైపు చేసిన కాగితాలు బుక్‌లో అతికించకూడదు. అతికించిన కాగితాన్ని ఊడదీసి వేరేది అంటించడానికి రెండు నిమిషాలు చాలు. తప్పు పడితే వైట్‌నర్ పూయకండి. కింద ఉన్నది కనబడేట్టు ఒక గీత గీసి, పక్కన సరైనది రాసి, అధ్యక్షుడి పొడి సంతకం తీసుకోండి. రాత ముగిసిన చోటే సంతకం ఉండాలి, పేజీ అడుగున కాదు. మధ్యలో జాగా మిగిలితే అడ్డంగా గీత కొట్టేయండి. ఎందుకో పై జవాబులో గోదాము సంగతి చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: ఫ్లాట్ నా పేరు మీద ఉంది. మీటింగులకు ఎప్పుడూ మావారే వెళ్లేవారు. ఈసారి ఆయన ఊళ్లో లేకపోతే నేను వెళ్లాను. "సార్ రాలేదా మేడం?" అని కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. ఓటింగులో చెయ్యెత్తితే మాత్రం లెక్కపెట్టలేదు. మా పైఅంతస్తు కిరాయిదారు చెయ్యి లెక్కపెట్టారు!
– ఒక గృహిణి, శివనగర్, వరంగల్

జవాబు: లెక్కపెట్టాల్సింది మీ చేతినే. ఇన్నాళ్లూ లెక్కపెట్టిన మీవారి చేతికే మీ ఆథరైజేషన్ లెటర్ ఉండాల్సింది. ఫ్లాట్లు ఇంటావిడ పేరు మీద, కుర్చీలో ఇంటాయన. ఇది మన దగ్గర ఎంత మామూలైపోయిందంటే సభ్యుల రిజిస్టర్‌లోనే మగవాళ్ల పేర్లు రాసేస్తున్నారు. సేల్ డీడ్‌లో ఎవరి పేరుందో వాళ్లే సభ్యులు. భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటే ఫ్లాటుకు ఒక్క ఓటే అని బైలాస్‌లో ఉంటుంది, ఎవరు వేస్తారో ముందే రాసివ్వాలి. కిరాయిదారు మీటింగుకు రావచ్చు, నీళ్ల సంగతి చెప్పుకోవచ్చు. ఓటు మాత్రం ఓనర్‌ది. బైలాస్ ఒప్పుకుంటే, ఓనర్ లెటర్ రాసిస్తే తప్ప కిరాయిదారు చెయ్యి లెక్కలోకి రాదు.

సెక్రటరీకి ఉత్తరం రాయండి. సేల్ డీడ్ మొదటి పేజీ జిరాక్స్ జత చేసి, సభ్యుల రిజిస్టర్ సరిచేయమని, ఆ రోజు ఓట్ల లెక్కలో మీ ఓటు కలపలేదన్న సంగతిని వచ్చే మీటింగులో మినిట్స్ ఆమోదించే ముందు నమోదు చేయమని అడగండి. ఆ తీర్మానం ఒకటి రెండు ఓట్ల తేడాతో గట్టెక్కి ఉంటే, మళ్లీ ఓటింగు పెట్టాల్సి వస్తుంది.

ప్రశ్న: కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు వాళ్ల ఇళ్ల సంఘం బోర్డు మీటింగ్ చూశాను. ఎజెండా ముందే అంటించారు. ఒకరు ప్రతిపాదన చదివారు, ఇంకొకరు బలపరిచారు, కాస్త చర్చించి చేతులెత్తారు. పది నిమిషాల్లో పెయింటింగ్ కాంట్రాక్టు తేలిపోయింది. మా అపార్ట్‌మెంట్‌లో గేటు రంగు మీద రాత్రి పదకొండింటిదాకా కొట్లాట. మనవాళ్లకు ఎందుకు రాదు?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కాజీపేట

జవాబు: సార్, వాళ్లకూ ఊరికే రాలేదు. 1863లో అమెరికా సైన్యంలో ఇంజినీరైన హెన్రీ మార్టిన్ రాబర్ట్‌ను న్యూ బెడ్‌ఫర్డ్ అనే ఊళ్లో ఒక చర్చి మీటింగుకు అధ్యక్షత వహించమన్నారు. సభ అదుపు తప్పింది, ఆయనకేమో ఎలా నడపాలో తెలియదు. ఆ అవమానంతో పట్టుబట్టి సభా నియమాలన్నీ చదివి 1876లో ‘రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్’ అచ్చు వేశాడు. అక్కడ చాలా సంఘాలు ఇప్పటికీ ఆ పద్ధతినే పాటిస్తాయి. పన్నెండు మంది లోపుండే చిన్న బోర్డుల్లో బలపరిచేవాళ్లు కూడా అక్కర్లేదంటుంది ఆ పుస్తకం. మినిట్స్‌లో జరిగింది రాయాలి, అన్నది రాయకూడదన్న నియమం కూడా అందులో ఉన్నదే.

మీరు చూసిన ఎజెండా బోర్డు మర్యాద కొద్దీ అంటించింది కాదు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం మామూలు బోర్డు మీటింగుకు కనీసం నాలుగు రోజుల ముందు నోటీసు, ఎజెండా పెట్టాలి. ఎజెండాలో లేని అంశం మీద, కొన్ని అత్యవసరాలు తప్ప, నిర్ణయం తీసుకోకూడదు. మీటింగ్ అయిన 30 రోజుల్లోపు మినిట్స్ గానీ డ్రాఫ్ట్ గానీ సభ్యులకు అందుబాటులో ఉంచాలి. ఈమెయిల్‌లో అటూ ఇటూ రాసుకుని బోర్డు నిర్ణయం చేసేయడం కుదరదు. అత్యవసరమైతేనే, అదీ డైరెక్టర్లందరూ రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే. నయీంనగర్ సెక్రటరీ గారు ఇది కూడా చదవాలి.

నాకు అన్నింటికన్నా నచ్చింది బకాయిదార్ల విషయం. అక్కడ బకాయి 1,800 డాలర్లకు చేరినా, 12 నెలలు దాటినా సంఘం ఇంటిని వేలానికి పెట్టే దాకా పోవచ్చు. అంత కఠినం. అయినా ఆ నిర్ణయం బోర్డే ఓటు వేసి చేయాలి. తర్వాతి బహిరంగ మీటింగ్ మినిట్స్‌లో అది నమోదు చేసేటప్పుడు ఇంటాయన పేరు రాయరు, స్థలం పార్సిల్ నంబరు మాత్రమే రాస్తారు. మన దగ్గర రెండు నెలల మెయింటెనెన్స్ బాకీ పడితే లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద పేరు ఎర్ర ఇంకుతో ఎక్కిస్తారు.

మీ గేటు రంగు సంగతికొస్తే, మనం ముందు మాట్లాడతాం, ప్రతిపాదన ఏమిటో చివర్లో వెతుక్కుంటాం. ఈసారి మీటింగ్ మొదలవగానే ఒకరిని లేచి "గేటుకు ముదురాకుపచ్చ వేయాలి, ఖర్చు 12 వేలు మించకూడదు" అని చెప్పమనండి. బలపరిచేవాళ్లు ఉంటేనే చర్చ. ఒక్కరూ లేకపోతే వేరే రంగుకు పోవడమే. ఎనిమిదింటికి మొదలుపెడితే తొమ్మిదింటికి అన్నానికి పోతారు.

ప్రశ్న: కమిటీలో ఐదుగురు కలిసి మా టెర్రస్ మీద సెల్ టవర్‌కు అగ్రిమెంట్ చేసుకున్నారు. కిరాయి సంఘం ఖాతాకే వస్తుందంటున్నారు. తప్పేముంది అంటున్నారు.
– ఒక ఫ్లాట్ ఓనర్, బాలసముద్రం

జవాబు: కిరాయి ఏ ఖాతాకు వచ్చినా, టెర్రస్ ఆ ఐదుగురిది కాదు. అది ఉమ్మడి జాగా అయితే అందులో ప్రతి ఫ్లాటుకూ విడదీయని వాటా ఉంటుంది, మీ సేల్ డీడ్‌లో గజాల లెక్కతో సహా రాసి ఉంటుంది. జనరల్ బాడీ తీర్మానం కాపీ ఇవ్వమని, అగ్రిమెంట్ కాపీ చూపమని రాతపూర్వకంగా అడగండి. తీర్మానం లేకపోతే అదే మాట టవర్ కంపెనీకి కూడా రాయండి. కమిటీ కన్నా వాళ్లకే ముందు భయం పట్టుకుంటుంది.

ప్రశ్న: కొత్త కమిటీ వచ్చి మూడు నెలలైంది. పాత సెక్రటరీ మినిట్స్ బుక్ ఇవ్వడం లేదు. బ్యాంకువాళ్లు సంతకాలు మార్చాలంటే తీర్మానం కాపీ కావాలంటున్నారు. ఎలా?
– ఒక ట్రెజరర్, సుబేదారి, హనుమకొండ

జవాబు: బ్యాంకు పనికి పాత బుక్ అక్కర్లేదు. కొత్త బుక్ కొని, పేజీలకు నంబర్లు వేసి, మొదటి పేజీలో "పాత మినిట్స్ బుక్ ఈ తేదీ నాటికి మాకు అందలేదు" అని రాసి కమిటీ అంతా సంతకాలు చేయండి. తర్వాత కమిటీ మీటింగ్ పెట్టి, ఖాతా నంబరు, పాత సంతకందారుల పేర్లు, కొత్తవాళ్ల పేర్లు, ఇద్దరు కలిసి సంతకం చేయాలా ముగ్గురిలో ఎవరైనా ఇద్దరా అన్నది స్పష్టంగా తీర్మానం రాయండి. దాని నకలు మీద "అసలుకు సరియైన నకలు" అని రాసి అధ్యక్షుడు, సెక్రటరీ సంతకాలు చేసి ముద్ర వేస్తే బ్యాంకు తీసుకుంటుంది. కొత్త కమిటీ జాబితా సొసైటీల రిజిస్ట్రార్‌కు ఇచ్చిన రసీదు కూడా అడుగుతారు. జనరల్ బాడీ అయిన 15 రోజుల్లోపు ఇవ్వాల్సింది అది. మూడు నెలలైందంటే ఇచ్చి ఉండరు, రేపే జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు పోండి.

పాత సెక్రటరీకి అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం, దానికి గడువు. ఈలోగా పాత మీటింగుల నకళ్లు ఎవరి ఫోన్లలో, ఎవరి మెయిళ్లలో ఉన్నాయో పోగు చేసి వేరే ఫైల్‌లో పెట్టండి. తర్వాత పాత బుక్ దొరికినా, దాన్ని కొత్తదానితో కలిపి కుట్టకండి. ఏ తేదీన, ఎవరి చేతి నుంచి, ఎన్ని పేజీలతో అందిందో కొత్త బుక్‌లో ఒక లైను రాసి, దాన్ని దాని లెక్కన విడిగా బీరువాలో పెట్టండి.